నవ్వు బొమ్మకు బహుమతి

పుంగనూరు

సుమలత టీచరమ్మకు, మీ ఏడో తరగతి కీర్తి అవ్వ రాస్తున్నది.

పిల్లలు ఆ రోజు మనసెలా ఉందో బొమ్మ అతికించే క్లాసు చార్టులో రోజూ తన పేరు పక్కన నవ్వు బొమ్మే అతికించిందని మా పిల్లకు బహుమతి ఇచ్చారు. సంతోషం. తల్లి పోయి నాలుగు నెలలు కూడా కాని పిల్ల ఒక్కరోజూ ఏడుపు బొమ్మ పెట్టకపోతే అనుమానించాలని మా కాలపు బి.ఎడ్.లో నేర్పేవారు.

ఇంట్లో కూర్చోబెట్టి అడిగాను. "ఏడుపు బొమ్మ పెడితే ఇంటికి ఫోన్ సేస్తారవ్వా. ఎత్తేది నువ్వే కదా. ఈడ ఒక్కదానివే కూసోని ఏడుస్తావు" అంది.

బడిలో మధ్యాహ్నం కొళాయి దగ్గర ఒంటరిగా తింటోందట. దయచేసి ఫోన్ చేయకండి, పక్కన ఒక పిల్లను కూర్చోబెట్టండి. ఎవరూ రాకపోతే నేనే క్యారియర్ పట్టుకుని వస్తాను. ఇంట్లో నేనూ ఒక్కదాన్నే తింటున్నాను.

కీర్తి అవ్వ