మస్తాన్ అనేంతవరకు

అమ్ముకోలేదన్నా. నిన్న అమ్మ, "ఏందిరా, పోయిన బిడ్డ నత్తిని అమ్ముకొనొచ్చినావా?" అని అన్నం ముందు నుంచి లేచిపోయింది. ఆమెకు చెప్పలేనిది నీకు చెప్తున్నాను.

ఆత్మకూరులో మున్సిపాలిటీ డబ్బుతో పోలీసులకు వీఆర్ ట్రైనింగ్ పెట్టారు. కళ్ళకు పెట్టె తగిలించుకుంటే, రోడ్డు మీద ఆపిన మనిషి నిజంగా ఎదురుగా నిలబడినట్టే అందులో కనబడి మాట్లాడతాడు. ఆ మనిషికి మన యాస గొంతు కావాలన్నారని నేను పోయాను. రికార్డు చేసేటప్పుడు పేరు చెప్పమంటే నీలాగే "మ... మ..." అని నత్తితో నీ పేరు చెప్పాను.

ఉదయగిరి రోడ్డులో పోలీసులు ఆపి పేరడిగినప్పుడు నువ్వు అక్కడే ఆగిపోయావు. తాగినావనుకొని చెయ్యెత్తారు. నువ్వు భయపడి పరిగెత్తావు, ఎదురుగా లారీ.

ఈరోజు చూడ్డానికి నన్నూ పిలిచారు. ఒక కుర్ర కానిస్టేబుల్ పెట్టె తగిలించుకున్నాడు. స్పీకర్లో వచ్చింది నా గొంతు కాదన్నా, నీదే. అతను చేతులు వెనక్కి కట్టుకొని, "నిదానంగా చెప్పన్నా, నేను యాడికీ పోను" అన్నాడు.

నువ్వు పేరంతా చెప్పావు. "మస్తాన్."

ఇప్పుడు ఇంకొకాయన పెట్టె తగిలించుకుంటున్నాడు. నిన్ను మళ్ళీ ఆపుతారు. నేను పక్కనుండాలి, పోతున్నా.