కండ్లు తెరిచిన సీతాఫలాలు

సెప్టెంబర్ చివరి ఆదివారం, రాత్రి

నస్పూర్‌లో మా కాలనీ పండ్లతోటకు తాళం వద్దని మూడేళ్లు కొట్లాడాను. ‘ఇది అందరిది, ఎవరైనా తెంపుకోవచ్చు’ అని బోర్డు రాసిందీ నేనే. ఈరోజు లచ్చవ్వ కొంగు నిండా పచ్చి సీతాఫలాలు కనబడగానే పదిమంది ముందు అరిచాను.

"పచ్చివే తెంపుకపోతవా? అందరిదంటే గిట్లనేనా?"

"పచ్చివి గాదు సారూ, కండ్లు తెర్సినయి. చెట్టు మీదనే పండనిస్తే ఉడుతలే తింటయి. అందరి తోటంటివి, గిప్పుడు నీదైందా?"

కొంగు నా ముందే దులిపి వెళ్లిపోయింది. ఎండాకాలమంతా ఆ మొక్కలకు బిందెలతో నీళ్లు మోసిన మనిషి. తాళం కావాలన్న పెద్దమనుషులు పక్కనే నిలబడి నవ్వారు.

తర్వాత కాయలు చూశాను. పైనున్న గళ్ల మధ్య తెల్లగా విచ్చుకున్నవే తెంపింది. ముడుచుకున్నవన్నీ చెట్టుకే ఉన్నాయి. తోటల మీద ఇన్ని వ్యాసాలు రాశాను, కాయ ఎప్పుడు తెంపాలో మాత్రం నాకు తెలియదు.

అన్నీ ఏరుకొచ్చి బియ్యం డబ్బాలో పెట్టాను. మూడు రోజుల్లో మెత్తబడతాయట. తీసుకెళ్లి ఇవ్వాలి. కానీ పదిమందిలో అన్న మాటకు ఆమె ఇంటికెళ్లి గుట్టుగా క్షమాపణ చెబితే చాలదు. ఆ బోర్డు కిందే, వాళ్లందరి ముందే చెప్పాలి.

ఆమె మళ్లీ తోటలోకి వస్తేనే గదా...