మా తమ్ముడు దట్టించిన పొయ్యి

పట్టణ పారిశుధ్య తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇంటి రంపపు పొట్టు పొయ్యికి తమరు వేసిన సీలు తీయించుట గురించి, ఆ రోజు వచ్చిన పొగకు అసలు కారకుడెవరో తెలియజేయుట గురించి.

రంపపు మిల్లులో ముప్పైరెండేళ్లు రంపాలకు సాన పట్టి, చూపు మందగించి ఇంట కూర్చున్న నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు పొయ్యి ఒక పాత రేకు డ్రమ్ము. అడుగున పక్కగా రంధ్రం ఉండును. ఆ రంధ్రంలోంచి ఒక కర్ర దూర్చి, నడుమ ఇంకో కర్ర నిలబెట్టి, చుట్టూ ఎండిన పొట్టును పొరపొరకూ పిడికిలితో అదిమి, చివర కర్రలు రెండూ మెల్లగా తిప్పుతూ తీయవలెను. కింద నిప్పు పెడితే సాయంత్రం దాకా గది వెచ్చగా ఉంటుంది, పొగ ఉండదు. మిల్లువాళ్లు పారబోసే చెత్తతో పదకొండేళ్లుగా మా వీధిలో నాలుగిళ్లు చలి కాచుకుంటున్నాయి. ఈ పొయ్యిని కనిపెట్టింది నేను కాదు గానీ వీధికి నేర్పింది నేనే.

2. మా ఆవిడ బడిపిల్లల దుస్తులకు గుండీలు, కాజాలు కుడుతుంది. సీలు పడి తొమ్మిది రోజులైంది. చలికి ఆమె వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఆమెకు వేళ్లు లేవు, నాకు కళ్లు లేవు. ఇద్దరం కలిసినా సూదిలో దారం ఎక్కడం లేదు. నెలాఖరుకు బట్టలు అందకపోతే ఆ పని వేరొకరికి పోతుంది. మాకు ఉన్నది ఆ పనొక్కటే.

3. తనిఖీ రోజున గది నిండా పొగ కమ్మిన మాట వాస్తవం. తమరు దగ్గుతూ బయటికి పరుగెత్తిన మాటా వాస్తవం. ఆ తొందరలో తమ టోపీ మా నీళ్ల బకెట్టులో పడినందుకు మిక్కిలి చింతించుచున్నాను. దానిని ఉతికి ఆరవేసితిమి. పొయ్యి లేనందున ఇంకా ఆరలేదు.

4. ఆ పొయ్యిని దట్టించింది నేను కాదు. నా సొంత తమ్ముడు, అదే మిల్లులో పనిచేయువాడు, పొద్దున్నే పొట్టు బస్తా మోసుకొచ్చి, ఆఫీసరుగారు వస్తున్నారు కదా, నువ్వు మంచి చొక్కా వేసుకో, ఈ పూటకు పొయ్యి సంగతి నేను చూస్తానన్నాడు. పదకొండేళ్లలో మొదటిసారి అన్నాడు. నేను సంబరపడి చొక్కా వెతుక్కున్నాను. బస్తా ఎవరు తెచ్చినా మోచేతి దాకా చేయి పెట్టి, అడుగు పొట్టు తీసి పిండి చూడటం నా అలవాటు. తమ్ముడు తెచ్చిన బస్తాలో ఏనాడూ చేయి పెట్టలేదు.

తమరు వెళ్లాక బస్తాలో మిగిలినది తీసి చూశాను. పైన నాలుగు గుప్పెళ్లు ఎండుది, కింద అంతా పచ్చి దుంగ పొట్టు. డ్రమ్ములో చూస్తే వదులుగా దట్టించాడు. మొదటిది కావాలని చేసిన పని, రెండోది చేతకాక చేసిన పని.

5. కారణం కూడా తెలిసింది. మిల్లులో పొట్టును అచ్చు పోసి పొయ్యిలో కాల్చే ఇటుకలు చేసే యంత్రం పెట్టారు. పొట్టు ఊరికే దొరుకుతుంటే ఆ ఇటుకలు ఎవరూ కొనరు. అందుకని ఇళ్లలో పొట్టు కాల్చడం ప్రమాదమని మిల్లు నుంచి తమకు ఫిర్యాదు వచ్చింది, ఆ యంత్రానికి మా తమ్ముడు మేస్త్రీ అయ్యాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక తమరెంత.

మిల్లు గేటు దగ్గర నిలబెట్టి అడిగాను. తల కూడా దించుకోలేదు. "నువ్వు ఎప్పట్లాగే చేయి పెట్టి చూస్తావనుకున్నా అన్నయ్యా. చూసుంటే ఇదంతా జరిగేదే కాదు. నువ్వు చూసుకోకపోతే నేనేం చేయను?" అన్నాడు.

అయ్యా, నేను వాణ్ణి నమ్మడం కూడా నా తప్పే అయింది. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్లు. వాళ్ల వదిన చేతి ముద్ద తిని పెరిగాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. దీనికి తమ ఆఫీసులో ఫారం ఏదైనా ఉంటే ఇప్పించండి, నింపుతాను.

6. కావున తమరు (అ) మా పొయ్యి సీలు తీయించి, ఎండు పొట్టుతో నా చేత దట్టించి మళ్లీ తనిఖీ చేయవలెను. (ఆ) మా తమ్ముడి ఇంట్లోనూ ఇదే పొయ్యి నేటికీ మండుచున్నది, తొమ్మిది రోజులుగా గొట్టంలోంచి నల్లపొగ వచ్చుచున్నది గనుక, దానికీ సీలు వేయవలెను.

పై సంగతులు చిత్తగించి, ఒకసారి వచ్చి మా గదిలో పావుగంట కూర్చోవలెను. టోపీ కూడా తీసుకుపోవచ్చును.

తమ విధేయుడు,
సాన పెద్దాయన

తా.క.: ఆరో అంశంలో (ఆ) కొట్టివేయవలెను. అర్జీ చదివి వినిపిస్తే మా ఆవిడ సూది పక్కన పెట్టి, "వాడి పిల్లలేం చేశారు?" అని అడిగింది. ఇన్నాళ్లూ వాడి పొయ్యి కూడా నేనే వెళ్లి దట్టించేవాణ్ణి. ఇప్పుడు నల్లపొగ వస్తోందంటే వదులుగా దట్టిస్తున్నాడన్నమాట. అలాగైతే పొట్టు లోపలికి కూలి, మంట ఒక్కసారిగా పైకి లేస్తుంది. పిల్లలిద్దరూ దాని పక్కనే ఆడుకుంటారు. కనుక తమ సిబ్బందిలో ఎవరినైనా ఈరోజే పంపి, పొరపొరకూ పిడికిలితో గట్టిగా అదమమని, కర్ర తిప్పుతూ తీయమని వాడికి చెప్పించండి. నేను వాడితో మాట్లాడటం లేదు. నేను చెప్పానని మాత్రం చెప్పవద్దు.