రాహుకాలంలో ఎక్కిన సిస్టం

చిరంజీవి సాయిలతకు నాయినమ్మ దీవించి రాయునది. ఇక్కడ ఎల్లారెడ్డిలో అందరం బాగున్నం, మీ బాపు బుద్ధి తప్ప. నువ్వు మస్కట్‌లో ఆస్పత్రి డ్యూటీల నడుమ వేళకు తింటున్నవని తలుస్త.

నీతోని పనిచేసే బీబీపేట మరియ సెలవుకొస్తూ తెచ్చిన నీ ఉత్తరం అందింది. జవాబు కూడ ఆమె చేతికే ఇస్త, ఫోన్ల చెప్తే మీ బాపు చెవుల పడ్తది. నా మోకాళ్ల సంగతి అడిగినవు: నొస్తూనే ఉన్నయి. మందు వేసుకుంటలేను, తిట్టకు.

ఇగ రెండోది, "కంప్యూటర్ల సిస్టం ఎక్కించిండ్రా?" అన్నవు. నువ్వు సెలవులకొచ్చి కామారెడ్డి నుంచి ఒక్కొక్క సామాను తెచ్చి, నీ చేతులతోని బిగించి పోయినవు. మిగిలింది పెన్‌డ్రైవ్ పెట్టి సిస్టం ఎక్కించుడే. ఆ ఒక్క పనికి మీ బాపు చేసిన రోత రాస్తే కాగితం మాసిపోతది.

ఆదివారం నాలుగింటికి ముహూర్తమన్నడు. డబ్బాకు పసుపు పూసిండు. గాలి పీల్చే జాలీ మీద కుంకుమ చల్లిండు, లోపలి పంకా దాన్నంతా గుంజుకున్నది. కొబ్బరికాయ గూడ పక్కనే కొట్టిండు. నీ చెల్లె కళ్యాణి గుడ్డ పట్టుకొని తుడుస్తనే ఉన్నది. సరే, ఆమెనే పెన్‌డ్రైవ్ పెట్టింది, సగం ఎక్కింది. అంతల గడియారం చూసి "రాహుకాలం వచ్చింది, బంద్ చెయ్యి" అన్నడు.

"నడుమ ఆపొద్దు బాపూ, ఖరాబైతది."

"పెండ్లిల తాళి కట్టుడే ఆగుతది, ఇదెంత?" అనుకుంట ప్లగ్గు పీకిండు.

డిగ్రీ చదివించిన కొడుకు.

మల్ల వేస్తే తెర నల్లగ ఉన్నది. "దీని గ్రహమే బాగలేదు, అమ్మేద్దాం" అన్నడు. కళ్యాణిని మల్ల ముట్టనియ్యలే. కామారెడ్డి ఫోటో స్టూడియోవాళ్లు ఆమెకు ఇచ్చిన మొదటి పెండ్లి ఆల్బం ఆ కంప్యూటర్లనే శుక్రవారానికి చేసియ్యాలె. ఇయ్యకపోతే ఆ పని వేరేవాళ్లకు పోతది, ఈ పిల్ల మీ బాపు ఎరువుల దుకాణంలనే ఉండిపోతది.

ఇప్పుడు ఎవ్వరికీ చెప్పని సంగతి రాస్తున్న. సిస్టం ఎక్కించింది నేను. మంగళవారం, నిండు రాహుకాలంల. ఆ వేళ మీ బాపు ఏ పనీ ముట్టడు, కళ్యాణిని దుకాణంల కూసోబెట్టి ఇంటికొచ్చి ముసుగుతన్ని పంటడు. పంచాంగం మొత్తంల నాకు పనికొచ్చిన గడియ అదొక్కటే. నువ్వు చెప్పిపోయినట్లే పెన్‌డ్రైవ్ పెట్టి, సగం ఎక్కిన చెత్తంత తుడిచేసి మొదటినుంచి పెట్టిన. టైము ఏ ఊరిదని అడిగి, మన దేశానికంతా కలకత్తా ఒక్కటే చూపెట్టింది. అదే నొక్కిన. బడిల లెక్కలు చెప్పినదాన్ని, తెర మీద రాసింది చదవరాదా?

తెల్లారి మీ బాపు ఇంకో ముహూర్తం తెచ్చిండు. ఆఖరుసారి చూద్దామని హారతిచ్చి స్విచ్చేసిండు. తెర తళతళ మెరిసింది. "చూసినవా అమ్మా, గడియ మంచిదైతే అదే లేస్తది" అన్నడు. నాకు నవ్వు గూడ రాలే, హారతి కండ్లకద్దుకున్న. కళ్యాణికి అనుమానమొచ్చింది గని అడగలే.

ఆల్బం గురువారమే చేసిచ్చింది. ఇంకో రెండు వచ్చినయి. ఈయన మాత్రం ఊరంతా డప్పు. నిన్న కుంకుమ పొట్లం పట్టుకొని పక్కింటి భీమేష్ ఇంట్ల కొత్త కంప్యూటర్‌కు గూడ పూజ చేసొచ్చిండు.

నిజం చెప్పాలనే ఉన్నది. చెప్తే ఆ దినమే డబ్బాను బయట పెడ్తడు, కళ్యాణి మల్ల ఎరువుల బస్తాల నడుమ. అందుకే బిడ్డా, ఈసారి ఫోన్ చేసినప్పుడు "నువ్వు పెట్టిన ముహూర్తం గట్టిది బాపూ" అని ఒక్క మాట అను. నేను పక్కన కూసొని అవునని తలూపుత. ఇది రాయడానికే చెయ్యి రోస్తున్నది. అయినా అను.

ఇట్లు
రోతను మింగి కూసున్న
నీ నాయినమ్మ