రాతిపూలకు మా దీవి పెట్టిన పేరు

ఎరిస్ తీరం,
మే 11, 1974.

పూజ్యులైన డీలియా టీచరమ్మగారికి,

మీ ఈథ్నె నమస్కరించి రాస్తున్నది. మీ మోకాళ్ల నొప్పులు కాస్త నెమ్మదించాయని తలుస్తాను. నేను ఒంట్లో బాగానే ఉన్నాను. మనసులో ఏమీ బాగా లేదు.

నాబ్లా అత్త పోయింది. నిన్ననే మట్టి చేశాం.

మన ఐరిష్‌లో అడవిపూలకి ఊరికో పేరు ఉంటుందని, వాటిని పోగుచెయ్యడమే నా ఉద్యోగమని అందరికీ చెబుతాను. నేను వెతుకుతున్నది ఒక్క పేరేనని మీకొక్కరికే తెలుసు. సముద్రపు రాళ్ల సందుల్లో గుత్తులుగా పూసే ఆ గులాబిరంగు పువ్వు. ఈ ఊళ్లో రవాన్ అంటారు, పక్క ఊళ్లో తీరపు చామంతి అంటారు. మా ఇనిష్ డోరా దీవిలో వేరే పేరుండేది. అమ్మ నన్ను ఆ పేరుతోనే పిలిచేది. నా చిన్నతనంలోనే అమ్మ పోయింది, తర్వాత దీవీ ఖాళీ అయింది. అమ్మ గొంతు లీలగా గుర్తుంది గానీ ఏమని పిలిచేదో గుర్తులేదు. దీవి ఆడవాళ్లలో మిగిలింది అమ్మ స్నేహితురాలు నాబ్లా అత్త ఒక్కర్తే.

శరదృతువులో వెళ్లి అడిగితే, "పువ్వు లేనప్పుడు పేరెందుకే? పూశాక రా. ఈలోగా ఓ మొగుణ్ణి వెతుక్కో, నీకు పనికొచ్చే ముక్క అది" అని నవ్వి టీ పోసింది.

పూశాయని తెలిసి మే ఒకటిన బస్సెక్కాను. మే పండగనాడు ఎవరింటికీ ఏదీ అడగడానికి పోకూడదని నాకు తెలియదా? గడప మీద పసుపుపచ్చ పూలు చల్లి ఉండటం చూశాను కూడా. అయినా నోరు ఆగలేదు, అడిగేశాను.

"ఇవాళ మా గడప దాటి నిప్పు పోదు, పాలు పోవు. పేరు మాత్రం ఎట్లా ఇస్తానే? ఇంటి అదృష్టమంతా నీ సంచిలో వేసుకుపోతావా? రేపు పొద్దున్నే రా" అంది.

మర్నాడు వెళ్లేసరికి ఆవిణ్ణి ఒడ్డు మీంచి మోసుకొస్తున్నారు. తప్పిపోయిన గొర్రెని వెతకబోయి పడిపోయిందన్నాడు ఆవిడ తమ్ముడు మార్టీన్. కుడిపక్క చచ్చుబడింది, మాట పడిపోయింది. నేను ఆ పువ్వు తెచ్చి ఎడమచేతిలో పెట్టాను. చూసి ఏడ్చింది. పెదవులు కదిపితే, సిగ్గులేకుండా నోటి దగ్గర చెవి పెట్టాను. మూలుగు తప్ప ఏమీ వినపడలేదు.

ఒక్క రోజు ముందు వెళ్లి ఉంటే ఆ పేరు నాకు దక్కేది. ఇదే తలుచుకుని కుమిలిపోతున్నాను. ఉద్యోగం మానేస్తున్నానని ఆఫీసుకి రాసేశాను. దారిలో పువ్వు కనబడితే ఒళ్లు మండుతోంది. "పేరు దొరికిందా అమ్మాయ్?" అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతారు మీరు. దయచేసి ఇక అడగకండి.

ఇట్లు,
మీ ఈథ్నె

తా.క. కవరు అంటించబోతుంటే మార్టీన్ మామ వచ్చి పొయ్యి ముందు కూలబడ్డాడు. టోపీ నలుపుతూ చెప్పాడు. "గొర్రె మాట అబద్ధం పిల్లా. ఆ పేరు అక్కకి ఎప్పుడో పోయింది. చలికాలమంతా 'ఒరేయ్, ఆ పువ్వునేమనేవాళ్లం రా?' అని నన్ను చంపుకుతింది. చేపలైతే చెబుదును, పూల సంగతి నాకేం తెలుసు? నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. పండగ వంకతో ఆ పూట గడిపేసింది. తెల్లారకముందే రాళ్ల మీదికి పోయింది, పువ్వు మొహం చూస్తే గుర్తొస్తుందేమోనని. 'దాని తల్లి పిలిచిన పేరు రా, వట్టి చేతులతో ఎట్లా పంపను?' అంటూనే గడప దాటింది."