మా వీధి మంట

ఒరేయ్ తమ్ముడూ,

గ్యాస్ బావుల దగ్గర రాత్రీ పగలూ మండే ఆ పెద్దమంట ఇక ఉండకూడదని మీ ఇంధన శాఖ రూలు పెట్టిందట. రాసింది నువ్వేనని పేపర్లో ఫొటో వేస్తే, మీ బావ వీధంతా తిరిగి చూపించొచ్చారు.

రూలు మంచిదే, కాదనను. గ్యాస్ ఊరికే తగలెయ్యడం దేనికి? పొగ తగ్గుతుంది, పెట్టుబడులొస్తాయి. మా కోడిపుంజుకైతే ప్రాణం లేచొస్తుంది; ఆ వెలుగుకి ఎప్పుడు తెల్లారుతుందో తెలియక వేళాపాళా లేకుండా కూస్తోంది, పాపం.

కానీ మా వీధికి ఇంకా కరెంటు రాలేదు కదరా! గ్యాస్ గొట్టం మా గుమ్మం ముందు నుంచే రేవుకి పోతుంది. మాకు మాత్రం ఆ మంటే దీపం. మా అత్తయ్య సూదిలో దారం ఎక్కించేదీ దాని వెలుగులోనే, వానాకాలం బట్టలు ఆరేదీ దాని వేడికే.

కంపెనీ మేనేజరుని అడిగితే, "స్తంభాలు మా పని కాదమ్మా, మీ తమ్ముడుగారినే అడగండి" అని నవ్వాడు. అందుకే అడుగుతున్నా. ముందు స్తంభాలు వేయించు, తర్వాత మంట ఆర్పించు.

మా ఇంట్లో ఉండి ఆఫీసరు పరీక్షకి చదివావే, మంట వైపు అరుగు, ఇప్పుడక్కడ నీ మేనకోడలు కూర్చుంటోంది. దాని పరీక్ష వచ్చే నెలే.

మీ అక్క