మగ కందిరీగలు తేల్చిన సంగతి

అనంతపురం,
శుక్రవారం.

ఎలిజబెత్ అక్కకు సారా వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, నీ మరిది జోయల్ కులాసా. పాపకు జ్వరం తగ్గి అన్నం తింటోంది. నల్లమాడలో నువ్వూ, యేసన్న బావా బాగున్నారని తలుస్తాను.

టమోటా ఆకులు డబ్బాలో పెట్టి బస్సుకు పంపమంటే, కూర వండుకుంటావా అని వెటకారంగా రాశావు. ఫోన్ చేస్తే బావ ఎత్తుతాడు, ముందు నీకే తెలియాలని ఉత్తరంలో చెబుతున్నాను.

నీ తోటలో కట్టమని పంపిన అట్టల్లో ఉన్నవి చీమ తలకాయంత కూడా లేని కందిరీగలు. పురుగు గుడ్లలోనే ఇవి గుడ్లు పెడతాయి, పురుగు పుట్టకుండానే చస్తుంది. మా ల్యాబ్‌లో రెండు రకాలు పెంచుతాం, ఒకటి వరికి, ఒకటి టమోటాకు. పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. నీకు అట్టలు పంపిన మర్నాడు చూస్తే రెండు ట్రేల చీటీలూ తడికి ఊడి కింద పడున్నాయి. అంటించింది నేనే. నీకు ఏ రకం పంపానో నాకే తెలియలేదు. వరిది పోయుంటే నీ టమోటా పురుగు చావదు.

నీకు పంపిన కందిరీగల్లోంచే కొన్ని దాచిపెట్టిన సీసా తీసుకుని మా హరినాథ్ సారు దగ్గరికి పరుగెత్తాను.

"అన్నీ ఆడవే కదమ్మా! వీటిని చూస్తే ఏం తెలుస్తాది? మగవి యాడున్నాయి?"

"ఊడ్చి పారేసినా సార్. గుడ్లు పెట్టేది ఆడవే కదా అని."

ఆయన తలపట్టుకున్నారు. తేడా తెలిసేది మగవాటిలోనేనట. అందుకే నీ ఆకులు అడిగాను.

కందిరీగ గుడ్డు పెడితే పురుగు గుడ్డు నల్లబడుతుంది; నిన్న ఆ ఆకుల మీది నల్లగుడ్లలోంచి కందిరీగలు వచ్చాయి. సారు రెండు మగవాటిని మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూశారు. "మీసాల మీద వెంట్రుకలు చూడు. మీ అక్కకు టమోటా రకమే పోయిండాది. ఇంగ పోయి అన్నం తిను" అన్నారు. అక్కడే ఏడ్చేశాను అక్కా. ఎన్నాళ్లకో రాత్రి కడుపునిండా తిన్నాను.

ఇంకొక్కటి చెప్పాలి. "అట్టముక్క కడితే పురుగు పోతాదా? మందు కొడతా" అని బావ లేచినప్పుడు, "నా చెల్లెలు చెప్పినాక ఇంగ మాట లేదు" అని నువ్వు అడ్డం పడ్డావని రాశావు. ఆ ఉత్తరం అందేసరికి చీటీలు ఊడిన సంగతి నాకు తెలుసు. పంట పోవచ్చని తెలిసీ, నీ దగ్గర మాట పడటం ఇష్టంలేక పది రోజులు నోరు మూసుకున్నాను. తోట దక్కింది. కానీ ఆ పది రోజులు నువ్వు నమ్మినంత మంచి చెల్లెల్ని కాను. బావకు ఇది చదివి వినిపించు. తిట్టేది నన్నే తిట్టమను, నిన్ను కాదు.

ఇట్లు,
క్షమించమని అడిగే నీ చెల్లెలు,
సారా